ఫీలర్ గేజ్‌తో ఏడేళ్లు: ఇంట్లో ట్యాపెట్ సెట్టింగ్‌పై నా సమీక్ష

గాలికి చల్లబడే 150 సీసీ సింగిల్ సిలిండర్ బండి ఒకటి నా దగ్గర ఉంది. ఏడేళ్లుగా, సుమారు 66 వేల కిలోమీటర్ల ప్రయాణంలో, దాని ట్యాపెట్లను (ఇంజన్ వాల్వులను నొక్కే రాకర్ అనే మీట చివరి స్క్రూలను) నేనే ఇంట్లో చూసుకుంటున్నాను. బండితో వచ్చిన పుస్తకం ప్రతి 6 వేల కిలోమీటర్లకు ఒకసారి గ్యాప్ (ఆ స్క్రూకూ వాల్వ్‌కూ మధ్య సందు) చూడమంటుంది కనుక ఇప్పటికి 11 సార్లు కవర్లు విప్పాను. అందులో స్క్రూ తిప్పవలసి వచ్చింది 5 సార్లు మాత్రమే. మిగిలిన 6 సార్లూ కొలిచి, అంకె రాసుకుని, ఏదీ కదపకుండా మూసేశాను. ఆ 6 సార్లూ వృథా శ్రమ పడ్డానని నేననుకోను. ఇంట్లో ఈ పని చేసుకోవడంలోని అసలు లాభం నాకు అక్కడే కనిపించింది.

అంతకుముందు బండిని సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా, ఇంజన్ ఇంకా వేడిగా ఉండగానే, టిక్కు టిక్కు మనే శబ్దం ఆగిపోయేదాకా స్క్రూ బిగించి, "ఇప్పుడు చూడండి సార్, ఎంత స్మూత్‌గా ఉందో" అని అప్పగించేవారు. నిజంగానే శబ్దం ఉండేది కాదు. కొన్ని నెలలు గడిచాక ఉదయం పూట స్టార్ట్ కావడానికి మొరాయించడం, ఐడిల్‌లో తడబడడం మొదలయ్యేవి. కారణం నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. వదులైన ట్యాపెట్ శబ్దం చేసి తన సంగతి తానే చెప్పుకుంటుంది గాని, బిగుసుకుపోయిన ట్యాపెట్ నోరు మెదపదు. ఎగ్జాస్ట్ వాల్వ్ (కాలిన పొగను బయటికి వదిలేది) తన వేడిలో ఎక్కువ భాగాన్ని సీటుకు, అంటే మూసుకున్నప్పుడు తానానే అంచుకు, ఆనుకుని ఉన్న కాసేపట్లోనే సిలిండర్ హెడ్‌కు అప్పగిస్తుంది. సందు లేక అది సీటు మీద పూర్తిగా కూర్చోలేకపోతే కంప్రెషన్ తగ్గడంతో పాటు, వేడి పోయే దారి మూసుకుపోయి వాల్వ్ అంచు కాలిపోతుంది. అందువల్ల కాస్త శబ్దం చేసే బండిని చూస్తే నాకు భయం లేదు, మరీ నిశ్శబ్దంగా ఉన్న బండిని చూస్తేనే అనుమానం.

నా బండికి పుస్తకంలో ఇచ్చిన గ్యాప్ ఇన్‌లెట్‌కు 0.08, ఎగ్జాస్ట్‌కు 0.12 మిల్లీమీటర్లు. ఇవి చల్లటి ఇంజన్‌కు రాసిన అంకెలు. వేడెక్కితే అల్యూమినియం హెడ్డూ ఉక్కు వాల్వూ ఒకే లెక్కన సాగవు కాబట్టి, వేడి మీద కొలిచిన అంకెను వీటితో పోల్చడానికి వీల్లేదు. అందుకే బండిని రాత్రంతా వదిలేసి, తెల్లవారాక స్టార్ట్ చేయకుండానే పని మొదలుపెడతాను.

ఇక పనిముట్ల సంగతి. మొదట కొన్న ఫీలర్ గేజ్ (సందును కొలిచే సన్న రేకుల కట్ట) సెట్‌లో రేకులు చాలానే ఉన్నాయి గాని అవన్నీ 0.05, 0.10, 0.15 అంటూ పెరుగుతూ పోయాయి. నాకు కావలసిన 0.08 గాని, 0.12 గాని అందులో లేవు.   రేకుల సంఖ్యను చూసి సెట్ కొనడం నేను చేసిన మొదటి పొరపాటు. మీ బండి పుస్తకంలోని అంకె, దానికి అటూ ఇటూ ఉండే అంకెలు ఆ సెట్‌లో ఉన్నాయో లేదో చూసి కొనాలి. రెండోసారి 0.01 చొప్పున పెరిగే సన్న రేకులున్న, కొసలు వంగిన సెట్ తీసుకున్నాను. ఫ్రేము కింద చేయి దూరడమే కష్టమైన చోట, తిన్నటి రేకును ఏటవాలుగా దూర్చితే అది లోపల వంగి, ఉన్న సందును లేనట్టు చూపిస్తుంది. కొస వంగిన రేకుతో ఆ బాధ పోయింది. ఆరేళ్లలో దానిలోని 0.05 రేకు ఒక్కటే నలిగిపోయింది. నలిగిన రేకును సాపు చేసి వాడుకోవడం దండగ కనుక తీసి పారేశాను.

మొదటిసారి నేను చేసిన అసలు తప్పు మాత్రం పనిముట్లది కాదు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్యాంషాఫ్ట్ (వాల్వులను తెరిచే కడ్డీ) ఒక్క చుట్టు తిరిగేలోగా క్రాంక్ (పిస్టన్ తిప్పే ఇరుసు) రెండు చుట్లు తిరుగుతుంది కాబట్టి, ఫ్లైవీల్ మీది టి గుర్తు (పిస్టన్ పై కొసకు చేరిందని చెప్పేది) కూడా ఇంజన్ కవర్‌లోని చిన్న కిటికీలో రెండుసార్లు కనబడుతుంది. ఒకసారి కంప్రెషన్ చివర, రెండు వాల్వులూ మూసుకుని ఉన్నప్పుడు, కొలవవలసింది అప్పుడే. మరోసారి ఎగ్జాస్ట్ చివర, ఒక వాల్వ్ మూసుకుంటూ, రెండోది తెరుచుకుంటూ ఉన్నప్పుడు. నేను ఆ రెండో గుర్తు దగ్గర ఆగిపోయి, రేకు దూరకపోయేసరికి ట్యాపెట్లు బిగుసుకుపోయాయనుకుని, రెండు స్క్రూలనూ ధీమాగా వదులు చేశాను. స్టార్ట్ చేయగానే ఇంజన్ కుట్టు మిషన్‌లా మోగింది. అదృష్టం ఏమిటంటే తప్పు వదులు వైపు జరిగింది గాని బిగువు వైపు కాదు.

అప్పటి నుంచి గుర్తును మాత్రమే నమ్మడం మానేశాను. స్పార్క్ ప్లగ్ విప్పి, టాప్ గేర్ వేసి, వెనక చక్రాన్ని ముందుకు మెల్లగా తిప్పుతూ ఇన్‌లెట్ రాకర్‌ను చూస్తాను. అది వాల్వ్‌ను కిందికి నొక్కి మళ్లీ పైకి లేచాక వచ్చే టి గుర్తే మనకు కావలసింది. దానికి కొంచెం ముందు వచ్చే ఎఫ్ గుర్తు ఇగ్నిషన్‌ది, దాని దగ్గర ఆగకూడదు. గుర్తు కుదిరాక రెండు రాకర్లనూ వేలితో ఆడిస్తాను. రెండింటిలోనూ చిన్న కదలిక తెలియకపోతే రేకు ముట్టుకోను. గుర్తు దాటిపోతే చక్రాన్ని వెనక్కి తిప్పే అలవాటు కూడా వదులుకున్నాను. కొన్ని ఇంజన్లలో డీకంప్రెసర్ (స్టార్ట్ చేసేటప్పుడు కంప్రెషన్ తగ్గించే ఏర్పాటు) ఉంటుంది, వెనక్కి తిప్పితే అది ఎగ్జాస్ట్ వాల్వ్‌ను కాస్త ఎత్తి పట్టి తప్పుడు కొలత ఇవ్వగలదు. మళ్లీ రెండు చుట్లు ముందుకు తిప్పడానికి పట్టేది అర నిమిషమే.

కొలిచేటప్పుడు రేకుకు "కొంచెం పట్టు" తగలాలని అందరూ చెబుతారు. ఆ కొంచెం ఎంత అన్నది ఒక్కో చేతికి ఒక్కోలా ఉంటుంది. నా చేతికే ఉదయం ఒకలా, అలసిపోయాక ఇంకోలా తోచింది. అందుకే రెండేళ్ల తర్వాత పట్టును పక్కన పెట్టి, దూరేదీ దూరనిదీ చూసే పద్ధతికి మారాను. 0.11 రేకు తేలిగ్గా దూరి, 0.13 రేకు దూరకపోతే గ్యాప్ 0.12 కిందే లెక్క. ఇందులో ఊహకు పెద్దగా చోటు లేదు. ఇంతకాలం వాడాక ఎవరికైనా నేను గట్టిగా చెప్పే సలహా ఇదొక్కటే.

సెట్ చేయడంలో సహనాన్ని పరీక్షించేది లాక్ నట్ (స్క్రూ కదలకుండా పట్టే నట్టు). ట్యాపెట్ స్క్రూ మర ఎంత సన్ననిదంటే, 0.5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) ఉన్న స్క్రూను గడియారంలో ఒక అంకె నుంచి పక్క అంకెకు జరిపినంత తిప్పితే చాలు, గ్యాప్ సుమారు 0.04 మారిపోతుంది. పైగా నట్టు బిగించినప్పుడు మరలోని సందు మేరకు స్క్రూ పైకి లాగబడి గ్యాప్ పెరగవచ్చు, లేదా నట్టుతో పాటు స్క్రూ కూడా తిరిగి గ్యాప్ తగ్గవచ్చు. కాబట్టి నట్టు బిగించకముందు వచ్చిన కొలతకు విలువ లేదు. స్క్రూ చదరపు తలను పట్టే ట్యాపెట్ కీ కొనకముందు ప్లయర్‌తో పట్టుకుని నాలుగైదుసార్లు మళ్లీ మళ్లీ చేసేవాడిని, ఇప్పుడు రెండుసార్లలో కుదురుతోంది. బిగించాక ఇంజన్‌ను రెండు చుట్లు తిప్పి మరోసారి కొలుస్తాను. ఒకసారి ఈ చివరి అడుగు ఎగ్గొట్టాను. మూడు వారాల్లో శబ్దం మొదలైంది, విప్పి చూస్తే ఎగ్జాస్ట్ 0.16 చూపించింది. నట్టును చేత్తో తిప్పి, స్పానర్‌తో బిగించడం మరిచిపోయాను. అది ఊడి లోపల పడకపోవడం నా పుణ్యం.

నోటు పుస్తకంలో రాసుకున్న అంకెలు చూస్తే ఇన్‌లెట్ ఏడేళ్లలో 0.01కి మించి కదలలేదు. ఎగ్జాస్ట్ మాత్రం మొదటి 18 వేల కిలోమీటర్లలోనే 0.12 నుంచి 0.09కి తగ్గింది. సీటు అరిగి వాల్వ్ పైకి జరిగే కొద్దీ సందు తగ్గుతుంది గనుక, శబ్దం లేదు కదా అని ఊరుకుని ఉంటే నాకీ సంగతి తెలిసేదే కాదు. 50 వేల దగ్గర ఇంకో తమాషా జరిగింది. గ్యాప్ సరిగ్గా ఉన్నా టిక్కుమనే శబ్దం పోలేదు. స్క్రూ కొస చిన్న గుంటలా అరిగింది, చదునైన రేకు ఆ గుంట మీద వంతెనలా ఆని, అసలున్న సందు కంటే తక్కువ చూపిస్తోంది. కొత్త స్క్రూ వేయగానే శబ్దం పోయింది. ఫీలర్ గేజ్‌కు ఉన్న ఈ లోపం ఎంత మంచి సెట్ కొన్నా పోదు.

షిమ్ములు (గ్యాప్ సరిచేయడానికి స్క్రూకు బదులు పెట్టే బిళ్లలు) వాడే ఇంజన్లకు ఇదంతా వర్తించదు. స్నేహితుడి రెండు సిలిండర్ల బండికి సాయం చేశాను. పాత షిమ్ మందానికి కొలిచిన గ్యాప్ కలిపి, కావలసిన గ్యాప్ తీసేస్తే కొత్త షిమ్ మందం వస్తుంది. 1.75 షిమ్‌తో 0.10 గ్యాప్ ఉండి, 0.16 కావాలంటే 1.69 వస్తుంది, దానికి దగ్గరగా దొరికే 1.70 వేశాం. లెక్క తేలికే గాని, అందుకోసం క్యాంషాఫ్ట్‌లు విప్పి, చైన్ టైమింగ్‌ను మళ్లీ కుదర్చాలి. కొలవడం వరకు ఎవరైనా ఇంట్లో చేసుకోవచ్చు, మార్చడం మాత్రం మొదటి ప్రయత్నంలోనే పెట్టుకోకూడదని నా అభిప్రాయం.

మొదటిసారి నాలుగు గంటలు పట్టిన పని ఇప్పుడు గంటలోపు అయిపోతోంది, అందులో సగం ట్యాంకు దించి ఎక్కించడానికే. ట్యాపెట్ కవర్ల ఓ రింగులు గట్టిపడి నూనె చెమర్చడంతో రెండుసార్లు మార్చాను. మళ్లీ మొదటి నుంచి కొనవలసి వస్తే వంగిన కొసల సెట్, ట్యాపెట్ కీ తప్పకుండా కొంటాను, తిన్నటి రేకుల సెట్ జోలికి పోను. పోయిన వారం కొలిచినప్పుడు ఇన్‌లెట్ 0.08, ఎగ్జాస్ట్ 0.11 ఉన్నాయి. అంకెలు రాసుకుని, ఏదీ కదపకుండా కవర్లు మూసేశాను.