బహిర్‌దార్ రేకుల హోటల్: ఆలస్యంగా రాస్తున్న సమీక్ష

ఇథియోపియాలో అధ్యాపక ఉద్యోగం వచ్చి, వచ్చే నెల బయలుదేరుతున్న మా అనంతపురం యువకుడొకరు మొన్న ఇంటికి వచ్చి, "అక్కడ తిండి ఎట్లుంటుంది సార్, బియ్యం మూట మోసుకుపోవాల్నా?" అని అడిగాడు. 2017లో బహిర్‌దార్‌కు వెళ్లేటప్పుడు నేనూ అదే భయంతో పది కిలోల సోనామసూరి కట్టుకుని వెళ్లాను. అతనికి చెప్పిన జవాబునే, అక్కడ ఉన్న మూడేళ్లలో నేను ఎక్కువసార్లు భోంచేసిన ఒక చిన్న హోటల్ గురించిన సమీక్షగా ఇక్కడ రాస్తున్నాను.

బహిర్‌దార్ తానా సరస్సుకు దక్షిణపు ఒడ్డున, సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉన్న పట్టణం. నేను చెప్పే హోటల్‌కు బోర్డు లేదు. నీలగిరి కర్రలకు గడ్డి కలిపిన మట్టి మెత్తిన గోడలు, పైన రేకులు, వాకిట్లో నీళ్లు నింపి పెట్టిన పసుపు రంగు ప్లాస్టిక్ డబ్బాలు ఉంటాయి. మొదటి రోజు వాటిని చూసి, పేద దేశంలో హోటళ్లు ఇట్లాగే ఉంటాయి కాబోలు అనుకున్నాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే చాలనుకునే జిల్లాలో, ట్యాంకరు కోసం బిందెలు వరుసలో పెట్టి పెరిగినవాణ్ణి, నీళ్లు నిలవ చేసుకున్నందుకు ఒక ఇంటిని తక్కువగా చూశానన్న సంగతి ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఆ డబ్బాల నీళ్లతోనే యజమానురాలి కూతురు, చెంబూ పళ్లెమూ పట్టుకుని నేను కూర్చున్న చోటికే వచ్చి నా చేతులు కడిగించింది.

వెడల్పాటి పళ్లెం నిండా పరిచిన ఇంజెరా వచ్చింది. అది మూరకు పైన వెడల్పున, ఒంటినిండా కళ్లలాంటి చిన్న రంధ్రాలతో, తడిగుడ్డలా మెత్తగా ఉన్న అట్టు. నల్లగా ఉంది కనుక నిన్నటిదనీ, పుల్లగా ఉంది కనుక చెడిపోయిందనీ నిర్ణయించుకుని, సగం వదిలేసి డబ్బిచ్చి వచ్చేశాను. రెండు వారాలు గదిలోనే అన్నం వండుకున్నాను. ఆ ఎత్తులో నీళ్లు 94 డిగ్రీలకే మరుగుతాయి కనుక, కుక్కరు లేని నా గిన్నెలో మెతుకు ఏనాడూ సరిగా ఉడకలేదు.

మళ్లీ ఆ హోటల్‌కు వెళ్లింది ఆకలి వల్లనే తప్ప ఇష్టంతో కాదు. వాకిట్లో చాప మీద ఎర్రటి గింజలు ఆరబోసి ఉన్నాయి. వంగి కొన్ని అరచేతిలోకి తీసుకుంటే రాగులు. వారు దగుసా అంటారట. ఇంజెరాకు వాడే ఖరీదైన టెఫ్ అనే చిరుధాన్యపు పిండిలో దాన్ని కలపడం వల్లనే ఆ ఇంజెరాకు నలుపు వచ్చింది. తర్వాత చదివి తెలుసుకున్నదేమంటే, రాగులను మొదట సాగులోకి తెచ్చింది ఇథియోపియా, ఉగాండా ఎత్తుభూముల వారే. అవి వేల ఏళ్ల కిందట మన నేలకు చేరాయి. మా అవ్వ కెలికిన సంగటి ముద్ద పుట్టిల్లు ఆ చాపే అన్నమాట. తెల్ల టెఫ్ ఇంజెరా కలిగినవారిదనీ, దగుసా కలిసినది లేనివారిదనీ అక్కడ ఒక తారతమ్యం ఉంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక మన పల్లెల్లోనూ వరి అన్నం ముందు సంగటి చిన్నబోయిన సంగతి గుర్తున్నవారికి ఇది వివరించి చెప్పనక్కరలేదు.

పులుపు కూడా చెడిపోవడం వల్ల వచ్చింది కాదు. పిండిని రెండు మూడు రోజులు పులియబెడతారు, పైన తేరిన పసుపు నీటిని ఎర్షో అని తీసి తర్వాతి పిండికి తోడుగా వాడతారు, మితాద్ అనే పెద్ద మట్టి పెనం మీద పోసి మూతపెట్టి, తిప్పకుండా ఒకవైపే కాలుస్తారు. కళ్లు ఎంత దగ్గరగా పడితే అంత మంచి ఇంజెరా అని హోటల్ పెద్దావిడ చెప్పింది. అక్కడివాళ్లలాగే నేనూ ఆమెను ఎమామా అని పిలిచేవాణ్ణి. బుధ, శుక్రవారాలు ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఉపవాసం కావడంతో ఆ రోజుల్లో మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు. వేయించిన శనగల పిండికి బెర్బెరె కారం చేర్చి చిక్కగా ఉడికించే శిరో, ఎర్రపప్పు, ఆకుకూర ఇంజెరా మీద కుప్పలుగా పెట్టి ఇస్తారు. అందులో శిరో అత్యుత్తమం. సంగటితో ఊరిబిండి తిన్న నాలుకకు ఆ కారం కొత్తగా అనిపించదు.

కాఫీ విషయంలోనూ పొరపాటు పడ్డాను. అడిగిన ముప్పావు గంటకు గానీ రాకపోవడం నిర్లక్ష్యమనుకున్నాను. ఆ ముప్పావు గంటలో ఎమామా పచ్చి గింజలు కడిగి, వేయించి, ఆ పొగను మా ముందుకు తెచ్చి వాసన చూపించి, రోట్లో దంచి, జెబెనా అనే మట్టి కూజాలో కాచింది. అబొల్, తోనా, బరకా అని మూడు విడతలుగా పోస్తారు. మొదటి కప్పుకే లేచి వెళ్లిపోతే వారికి మనసు కష్టమవుతుంది. నేను రెండుసార్లు అట్లా లేచి వెళ్లాను.

లోపాలూ ఉన్నాయి. వానాకాలంలో కట్టెల పొగ లోపలే తిరిగి కళ్లు మండుతాయి. ఉపవాసం లేని రోజుల్లో మాంసం పులుసులు, శిరో ఒకే పొయ్యి మీద వండుతారు కనుక, పట్టింపు ఉన్న శాకాహారులు బుధ, శుక్రవారాలకే పరిమితం కావడం మంచిది. నూనె కూడా కొంత ఎక్కువే.

తిరిగి వచ్చేటప్పుడు ఎమామా ఎండబెట్టిన ఇంజెరా ముక్కలు ఒక సంచి కట్టి ఇచ్చింది. అమ్మ వాటిని మజ్జిగలో నానేసి తిని, "పులిసిన అంబలి వాసన గదరా ఇది" అంది.

ఆ యువకుడికి చివరగా చెప్పింది ఇదే: బియ్యం వద్దు, కుక్కరు తీసుకెళ్లు. అక్కడి గడియారం తెల్లవారి ఆరింటి నుంచి లెక్క మొదలుపెడుతుంది కనుక, ఎవరైనా ఆరు గంటలకు భోజనమంటే మన మధ్యాహ్నం పన్నెండని అర్థం. బుధవారం అయితే ఆ ఆరింటికే వెళ్లాలి, ఏడు దాటితే శిరో మిగలదు.