ఆరేళ్ల బిస్కట్ రంగు: లోపలి గోడలకు బీజ్ వేయించిన తర్వాత తెలిసినవి

విజయవాడలోని మా రెండు పడకగదుల ఫ్లాటుకు 2019 ఉగాదికి ముందు లోపలి గోడలన్నిటికీ వెచ్చని బీజ్ రంగు వేయించాము. షేడ్ కార్డులో దానికి ఎంత సొగసైన పేరు ఉన్నా, మా అమ్మకు మాత్రం అది మొదటి రోజు నుంచీ బిస్కట్ రంగే. అంతకు ముందు గోడలకు ఉన్నది బిల్డరు వేయించి ఇచ్చిన తెల్లని డిస్టెంపరు. భుజం రాసుకుంటే చొక్కాకు పొడి అంటుకునేది. దాన్ని గీకించి, లప్పం పెట్టించి, ప్రైమరు మీద రెండు కోటింగులు ఎమల్షన్ (నీటితో కలిపే గోడ రంగు) వేయించాము. ఆరేళ్లకు పైగా ఈ గోడల మధ్యే ఉంటున్నాను కనుక, కొత్తలో కలిగే మురిపెం, ఆ తర్వాత వచ్చే విసుగు రెండూ దాటిపోయాక రాస్తున్న అభిప్రాయం ఇది.

బీజ్ అన్నది ఒకే రంగు కాదన్న సంగతి డబ్బు ఖర్చయ్యాక గాని నాకు అర్థం కాలేదు. ఫ్రెంచి భాషలో ఆ మాటను అద్దకం వేయని సహజమైన ఉన్నికి వాడేవారు. ఉన్నిలో ఎన్ని ఛాయలుంటాయో దీనిలోనూ అన్ని ఉన్నాయి. దుకాణంలోని యంత్రం తెల్లని బేస్‌లో పసుపు, ఎరుపు, నలుపు రంగులను కొద్ది కొద్దిగా వదిలి ఈ ఛాయను తయారు చేస్తుంది. ఎరుపు పాలు ఒకింత ఎక్కువైతే గులాబి జీర వస్తుంది. పసుపులో నలుపు కలిస్తే ఆకుపచ్చ వైపు తిరుగుతుందని బొమ్మలు వేసే వారందరికీ తెలుసు. బీజ్‌లోనూ అదే జరుగుతుంది. ఈ జీర కార్డు మీద విడిగా చూసినప్పుడు కనిపించదు. నాలుగు బీజ్ ముక్కలను కత్తిరించి తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టినప్పుడు, ఒకటి గులాబి, ఒకటి పసుపు, ఇంకొకటి బూడిద అని వాటంతట అవే విడిపోతాయి.

ఈ పని చేయకుండానే తూర్పు పడకగదికి రంగు ఎంచుకున్నాను. అంగుళమున్నర ముక్కలో మీగడలా కనిపించిన ఛాయ, నాలుగు గోడలకూ పరచుకునేసరికి గులాబి రంగుకు తిరిగింది. ఒక గోడ మీద పడిన వెలుగు ఎదుటి గోడ మీదికి, అక్కడి నుంచి మళ్లీ ఇటు వస్తూ ప్రతిసారీ ఆ రంగునే కొంత మోసుకొస్తుంది కాబట్టి, గదిలో ఏ రంగైనా కార్డులో కన్నా చిక్కగా కనిపిస్తుంది. దానికి తోడు ఆ గదిలో ఎర్ర మట్టి రంగు లామినేట్ వేసిన బీరువా ఒక గోడంతా ఉంది. ఉదయపు ఎండ దాని మీద పడి గోడలకు తగిలినప్పుడు, గది మొత్తం జ్వరం వచ్చిన పిల్లవాడి బుగ్గలా ఉండేది. అలవాటైపోతుందిలే అని రెండేళ్లు ఓపిక పట్టాము. అలవాటు కాలేదు, 2021లో ఆ గదికి మళ్లీ వేయించవలసి వచ్చింది.

అదృష్టవశాత్తు మేస్త్రీ పని మొదలుపెట్టింది ఆ గదితోనే. అది చూశాక హాలుకు తొందరపడలేదు. మూడు ఛాయలను చిన్న డబ్బాల్లో తెప్పించి, గోడ మీద కాకుండా పెద్ద చార్టు కాగితాల మీద, చుట్టూ కొంత తెల్ల అంచు వదిలి, రెండేసి కోటింగులు వేయించాను. గోడ మీదే వేస్తే పాత రంగు పక్కన కొత్త రంగు కన్నును మోసం చేస్తుంది. పైగా కాగితమైతే నేల అంచున, టేకు తలుపు పక్కన, కిటికీ ఎదుట, సోఫా వెనుక ఎక్కడికైనా జరిపి చూడవచ్చు. "ఆరాక చూడండి సార్, తడి మీద చూసి ఖాయం చేయకండి" అని మేస్త్రీ చెప్పిన మాట నిజమే. ఎమల్షన్ తడిగా ఉన్నప్పుడు పాలు కలిసినట్లు తేలికగా కనిపించి, ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. ఐదు రోజులు ఆ కాగితాలను గది చుట్టూ తిప్పాను. ఇంట్లో వారు నవ్వుకున్నారు గాని, ఈ మొత్తం వ్యవహారంలో నేను చేసిన తెలివైన పని అదొక్కటే.

మా హాలుకు వెలుగు ఉత్తరం వైపు బాల్కనీ నుంచి వస్తుంది. నేరుగా ఎండ పడని ఉత్తరపు వెలుగు ఆకాశపు వెలుగే కనుక, అందులో కొంత నీలం ఉంటుంది. బూడిద జీర ఉన్న బీజ్ ఆ వెలుగులో సిమెంటు పూతలా కనిపించింది. పసుపు జీర ఉన్నది ఆ చలవను సరిగ్గా సరిదిద్దింది, దాన్నే ఖాయం చేశాము. అయితే నేను ముందుగా ఊహించనిది ఒకటుంది. మన అక్షాంశంలో మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరం వైపున ఉంటాడు, ఉదయాస్తమయాలు సైతం ఈశాన్య, వాయవ్యాల వైపు జరుగుతాయి. అందువల్ల ఆ నెలల్లో సాయంత్రం ఎండ ఏటవాలుగా హాలులోకి వచ్చి, అదే గోడను గంధపు చెక్క రంగులోకి మారుస్తుంది. డిసెంబరులో లేత గోధుమ, జూన్‌లో గంధం. ఆరేళ్లయినా ఈ రంగు విసుగు పుట్టించకపోవడానికి ఇది ఒక కారణమనుకుంటాను.

రాత్రి దీపాల దగ్గర మాత్రం చాలా తంటాలు పడ్డాము. మన ఇళ్లలో అలవాటుగా పెట్టే ట్యూబు లైట్లు ఎక్కువగా 6500 కెల్విన్ల తెల్లని వెలుగునిచ్చేవి (కెల్విన్ వెలుగు రంగుకు కొలత, అంకె తగ్గేకొద్దీ వెలుగు పసుపు వైపు తిరుగుతుంది). పగలంతా ముచ్చటగా ఉన్న గోడ ఆ వెలుగులో పాలిపోయి, రైల్వే వెయిటింగు గదిని గుర్తు చేసింది. రంగుదే తప్పనుకొని కొన్ని వారాలు బాధపడ్డాను. తర్వాత 3000 కెల్విన్ల బల్బులు తెస్తే, పసుపు జీర రెట్టింపై గోడకు పసుపు రాసినట్లయింది; అమ్మ పేపరు చదవలేకపోయింది. చివరకు 4000 కెల్విన్ల దగ్గర కుదిరింది. రంగు ఎంచుకునే వారు చార్టు కాగితాన్ని తమ ఇంట్లో నిజంగా వెలిగే దీపం కింద రాత్రి ఎనిమిది గంటలకు చూడవలసిందే, ఎందుకంటే ఉద్యోగాలు చేసుకునే మనం ఇంటి గోడలను చూసేది ఎక్కువగా ఆ వేళలోనే.

వంటగదికి కూడా హాలు రంగే వేయించడం పొరపాటు. కిటికీకి నాలుగడుగుల దూరంలో పక్క అపార్టుమెంటు గోడ ఉంది, దానికి ముదురు ఆకుపచ్చ రంగు. మధ్యాహ్నం ఎండ ఆ గోడ మీద పడి లోపలికి వస్తే, మా బీజ్ పాచి పట్టినట్లు కనిపిస్తుంది. ఇప్పుడు అక్కడ తెర వేసుకున్నాము.

మన్నిక సంగతి. రంగు వెలిసిపోలేదు. మొన్న దేవుడి పటం తీసినప్పుడు వెనుక గోడకూ పక్క గోడకూ ధూళి తేడా తప్ప రంగు తేడా కనిపించలేదు. ఇలాంటి ఛాయల్లో సాధారణంగా వాడేవి ఐరన్ ఆక్సైడ్ రంగులు. అవి ఎండకూ, సిమెంటులోని క్షారానికీ తట్టుకుంటాయి. చెడిందల్లా నేను ఎంచుకున్న మ్యాట్ ఫినిషే, అంటే మెరుపు లేని పూత. లప్పంలోని ఎగుడుదిగుళ్లను అది దాస్తుందన్నది నిజం. కాని దివాన్ వెనుక తల ఆనించే చోట కొబ్బరి నూనె మరక గోడలోకి ఇంకిపోయింది. సబ్బు నీటితో తుడిస్తే మరక పోకపోగా, రుద్దిన చోట గోడ నునుపెక్కి మెరవడం మొదలైంది. స్విచ్చు బోర్డుల చుట్టూ చేతి నలుపు కూడా ఇంతే. బీజ్ మురికిని దాస్తుందని అందరూ అంటారు; అది పైన వాలే ధూళిని దాస్తుంది, నూనెను దాచదు.

మిగిలిన రంగుతో ఆ మరక మీద పూత వేసి చూశాను. డబ్బా అదే, కోడు అదే, అయినా గోడ మీద అట్టముక్క అతికించినట్లు తేలింది, ఎందుకంటే చుట్టూ ఉన్నది నాలుగేళ్ల ధూళి తాగిన గోడ. మూల నుంచి మూల దాకా గోడంతా వేయించాక గాని కలవలేదు. కనుక చివర్లో ఒక లీటరు మిగిలేలా కొనుక్కోవడం మంచిది. మా హాలు 16 అడుగులకు 12, ఎత్తు 10. తలుపులు, కిటికీలు తీసివేస్తే సుమారు 460 చదరపు అడుగుల గోడ. రెండు కోటింగులకు నాలుగు లీటర్ల లోపే పట్టింది. వేర్వేరు రోజుల్లో కలిపించిన డబ్బాలకు సన్నని తేడా ఉండవచ్చు కాబట్టి, అన్నిటినీ ఒక పెద్ద బకెట్టులో పోసి కలిపి వాడమని పట్టుబట్టాను. మేస్త్రీ ఇది తనకు తెలియదా అన్నట్లు చూశాడు గాని, కలిపాడు.

ఒక్క వింత మాత్రం మిగిలింది. కిటికీ చట్రాలకు, అటక తలుపులకు తెల్లని ఆయిల్ ఎనామిల్ వేయించాము. కొత్తలో ఆ స్వచ్ఛమైన తెలుపు పక్కన బీజ్ గోడ మాసినట్లు కనిపించి నన్ను కలవరపెట్టింది. వెలుగు తగలని చోట ఆయిల్ ఎనామిల్ క్రమంగా పసుపెక్కుతుంది; ఇప్పుడు అటక తలుపులు దంతపు రంగుకు వచ్చి గోడతో చక్కగా కలిసిపోయాయి. వచ్చే వేసవిలో హాలుకు మళ్లీ వేయించాలి. ఛాయ మారదు, ఫినిష్ మాత్రం కొద్దిగా మెరుపుండి తుడవడానికి వీలయ్యేది తీసుకుంటాము. అటక తలుపుల జోలికి పోవద్దని అమ్మ ఇప్పటికే చెప్పింది.