మడత విసనకర్ర, తాటాకు విసనకర్ర

మ్యూజియం అద్దాల పెట్టెలోని 18వ శతాబ్దపు ఐరోపా మడత విసనకర్రను, కోనసీమలో మా అమ్మమ్మ వాడిన తాటాకు విసనకర్రను పక్కపక్కన పెట్టి చూడాలని నా కోరిక.

మడత విసనకర్ర పుట్టిల్లు జపాన్. 16వ శతాబ్దంలో సముద్ర వ్యాపారంతో ఐరోపా చేరింది. చెక్కిన ఏనుగు దంతపు పుల్లలు, వాటిపై కాగితం లేదా పలుచటి తోలు, ఆ మడతల మీద నీటిరంగుల్లో తోటలు, పురాణ గాథలు. పుల్లలన్నీ అడుగున ఒక్క చీల చుట్టూ తిరుగుతాయి. అందమంతా మడతలోనే, ప్రమాదమూ అక్కడే. తెరిచి మూసిన కొద్దీ మడత గీతల వెంట రంగు బీటలు వారుతుంది. అందుకే దాన్ని వాలు దిమ్మె మీద కదలకుండా, రంగు వెలిసిపోకుండా సుమారు 50 లక్సుల (లక్సు వెలుతురుకు కొలమానం) మసక వెలుతురులో ఉంచుతారు. లండన్‌లోని గ్రీనిచ్‌లో 1991లో విసనకర్రల కోసమే ఒక మ్యూజియం తెరిచారు. అంత అపురూపమైనది ఇక ఎవరికీ గాలి విసరదంటే మనసు చివుక్కుమంటుంది.

తాటాకుది వేరే లెక్క. లేత ఆకును ఆరబెట్టి, గుండ్రంగా కత్తిరించి, అంచుకు రంగు గుడ్డ కుడతారు. ఆకు కాడే పిడి. శ్రీరామనవమికి పానకం, వడపప్పుతో పాటు దీన్ని పంచే ఆనవాయితీ ఉంది.

పనితనంలో దంతపు పుల్లలదే పైచేయి, సందేహం లేదు. గాలికి మాత్రం నేను తాటాకునే ఎంచుకుంటాను. రోహిణి కార్తె మధ్యాహ్నాల్లో అమ్మమ్మ దానిపై నీళ్లు చిలకరించి విసిరేది. చల్లదనం కంటే ముందు తడి ఆకు వాసన ముఖానికి తగిలేది.