క్రిస్మస్ మర్నాడు మొదలయ్యే కుర్రాళ్ల హాకీ

టొరంటో పరిసరాల్లో కాపురముంటూ ఏళ్ల తరబడి చూశాక చెబుతున్నాను: నెలల తరబడి సాగే ఎన్‌హెచ్‌ఎల్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ ఐస్ హాకీ లీగ్) కన్నా నాకు పది రోజుల ప్రపంచ జూనియర్ ఐస్ హాకీయే ఎక్కువ ఇష్టం. డిసెంబరు 26న మొదలై జనవరి 5 ప్రాంతంలో ముగుస్తుంది. పది దేశాలు, ఇరవై ఏళ్ల లోపు ఆటగాళ్లు. ఆఫీసుకు సెలవు, బయట మంచు, ఎదురుగా టీవీ, ఒళ్లో పులిహోర గిన్నె. ఇంకేం కావాలి!

ఈ ఆట రుచి అంతా ఆ వయసులోనే ఉంది. పెద్దల ఆటలో ఆధిక్యం దొరికిన జట్టు తలుపులు మూసేసుకుని కూర్చుంటుంది. ఈ కుర్రాళ్లకు ఆ లౌక్యం ఇంకా అబ్బలేదు. 2011లో అమెరికాలోని బఫెలోలో జరిగిన ఫైనల్లో కెనడా 3-0తో ముందుండి, మూడు పీరియడ్ల ఆటలో చివరిదాంట్లో రష్యాకు వరసగా ఐదు గోల్స్ ఇచ్చి ఓడింది. మా ఇంట్లో అందరం సంబరాలు మొదలుపెట్టేశాం కూడా.

వాంకూవర్‌లో 2019 క్వార్టర్ ఫైనల్ మాత్రం ఇప్పటికీ తలుచుకుంటే గుండె జారుతుంది. నిమిషంలోపు సమయం ఉండగా ఫిన్లాండ్ స్కోరు సమం చేసింది. అదనపు సమయంలో కెనడా కెప్టెన్ మాక్స్ కోమ్‌ట్వాకి పెనాల్టీ షాట్ దొరికింది, అంటే ఎదురుగా గోల్‌కీపర్ ఒక్కడే; అతను ఆపేశాడు. తర్వాత కెనడా ఆటగాడు నోవా డాబ్సన్ ముందు గోల్ బార్లా తెరుచుకుని ఉంది. కొట్టబోతే చేతిలో స్టిక్ విరిగిపోయింది. మరుక్షణం పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అవతలి వైపు వెళ్లి కెనడా గోల్లో పడింది. 2-1. ఆ ఏడాది కప్పు కూడా ఫిన్లాండే గెలిచింది. ఆ రాత్రి కోమ్‌ట్వాని ఇంటర్నెట్‌లో జనం తిట్టిన తిట్లు చూస్తే సిగ్గేసింది. పంతొమ్మిదేళ్ల పిల్లవాడి మీద అంత భారం మోపడం ఈ సంప్రదాయంలో నాకు నచ్చని భాగం.

లోపాలు ఇంకా ఉన్నాయి. మొదటి రోజుల్లో కొన్ని మ్యాచ్‌లు బొత్తిగా ఏకపక్షం. కెనడాలోని హాలిఫాక్స్, మాంక్టన్‌లలో జరిగిన 2023 పోటీల్లో కెనడా జర్మనీని 11-2తో, ఆస్ట్రియాను 11-0తో ఓడించింది. అలాంటప్పుడు రెండో పీరియడ్‌కే వంటింట్లో పని గుర్తొస్తుంది. కెనడా కుర్రాడు కానర్ బెడార్డ్ ఆ టోర్నీలో ఏడు మ్యాచ్‌ల్లో 23 పాయింట్లు (కొట్టిన గోల్స్, ఇతరుల గోల్స్‌కు అందించిన పాస్‌లు కలిపి) సాధించాడు కాబట్టి సరిపోయింది. యూరప్‌లో జరిగితే ఇక్కడ కొన్ని ఆటలు తెల్లారగానే వస్తాయి, కాఫీ తాగుతూ చూడొచ్చు గానీ ఆ సందడి ఉండదు. ఎన్‌హెచ్‌ఎల్‌లో అప్పటికే స్థిరపడ్డ మేటి కుర్రాళ్లను క్లబ్బులు చాలావరకు వదలవు, అదొక వెలితి.

కెనడాయే గెలవాలని కూర్చునేవాళ్లకు ఈ మధ్య కష్టకాలమే. 2024, 2025 రెండేళ్లూ క్వార్టర్ ఫైనల్లోనే చెక్ జట్టు ఇంటికి పంపింది. నాకైతే పోటీ ఇంకా రక్తి కట్టింది.

కొత్తగా చూసేవాళ్లు మొదట పక్ కోసం వెతకకండి, కనపడదు. ఆటగాళ్లు ఎటు తిరుగుతున్నారో గమనిస్తే అదే దొరుకుతుంది. గ్రూపు దశ వదిలేసినా డిసెంబరు 31 రాత్రి కెనడా ఆడే మ్యాచ్ ఉంటే వదలకండి. ఒట్టావా, టొరంటోల్లో రాత్రి ఏడున్నరకు మొదలైతే హైదరాబాదులో కొత్త సంవత్సరం ఉదయం ఆరు గంటలు. రాత్రంతా మేలుకున్నవాళ్లు ఇంకో రెండున్నర గంటలు ఓపిక పట్టాలి, అంతే.