కత్తి కింద ఆర్థర్, గొడ్డలి కింద గవేన్: ఏ సినిమా మేలు?

ఐర్లండ్‌లో కాహిర్ అని ఒక ఊరుంది. అక్కడ నది మధ్యలో, బండ మీద కట్టిన పాతకాలపు రాతికోట ఉంది. జాన్ బూర్‌మన్ తీసిన ‘ఎక్స్‌కాలిబర్’ (1981)లోనూ, డేవిడ్ లోవరీ తీసిన ‘ది గ్రీన్ నైట్’ (2021)లోనూ ఆ కోట కనిపిస్తుంది. రెంటికీ నలభై ఏళ్ల తేడా. రెండూ బ్రిటన్ పాత కథల్లోని ఆర్థర్ రాజు చుట్టూ అల్లుకున్న కథల్లోంచి పుట్టినవే. రెంటిలోనూ ఒక కుర్రాడు మోకాళ్ల మీద కూచుని ఇంకొకరి ఆయుధానికి మెడ అప్పగిస్తాడు. ఒక రాత్రికి ఒకటే చూసే తీరిక ఉంది, ఏది చూడమంటావు అని ఎవరైనా అడిగితే నేను ఈ రెండు మెడల సంగతే చెబుతుంటాను.

ముందుగా, ఇక్కడ నైట్ అంటే రాత్రి కాదు. తెలుగులో రాస్తే రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి చెబుతున్నా. గుర్రం, కవచం, ఇచ్చిన మాట ఉన్న యోధుడు నైట్. గుర్రాన్నీ కవచాన్నీ తెర మీదికి తేవడం డబ్బుతో అయ్యే పని. మాటను చూపించడం దగ్గరే సినిమాలు బోల్తా పడతాయి. 2017లో గై రిచీ తీసిన ఆర్థర్ సినిమాలో కొండంత ఏనుగులున్నాయి, మాట మాత్రం లేదు. వీడియో గేమ్‌ని పక్కవాడు ఆడుతుంటే చూసినట్టుంటుంది.

‘ఎక్స్‌కాలిబర్’కి ఆధారం 15వ శతాబ్దంలో మాలరీ రాసిన గ్రంథం. 1485లో కాక్స్‌టన్ దాన్ని అచ్చువేశాడు. అంత లావు కథని, ఆర్థర్ పుట్టకముందు నుంచి చావు దాకా, బూర్‌మన్ రెండు గంటల ఇరవై నిమిషాల్లో కుక్కేశాడు. అందుకే ఒక్కోచోట మనం ఊపిరి తీసుకునేలోపు పదేళ్లు గడిచిపోతాయి. భోజనాల దగ్గర కూడా కవచాలు విప్పరు, ఆ మెరుపు మీద ఆకుపచ్చ లైట్లు, వెనకాల వాగ్నర్ సంగీతం హోరు. అతి అంటారా? అతే. కానీ కత్తి కాంతారావు సినిమాలు చూసి పెరిగినవాళ్లకి ఈ అతి పరాయిదేం కాదు. మాంత్రికుడు మెర్లిన్ మంత్రంతో ఆర్థర్ తండ్రి ఊథర్ రాజు శత్రువు రూపం దాల్చి, ఆ శత్రువు భార్య దగ్గరికి వెళ్లే ఘట్టం చూస్తే, ఇంద్రుడు గౌతముడి వేషంలో అహల్య దగ్గరికి వచ్చిన కథ గుర్తురాక మానదు.

అందులో నాకు నచ్చిన ఘట్టం రెండు మూడు నిమిషాలే ఉంటుంది. బండలో దిగిన కత్తిని ఎవరు లాగితే వాడే రాజు. కానీ కత్తి లాగినంత మాత్రాన ఆర్థర్‌ని రాజని ఒప్పుకోని ప్రభువుల్లో యూరియెన్స్ ఒకడు. కోట ముట్టడిలో ఇద్దరూ కందకం నీళ్లలో పడతారు. ఆర్థర్ కత్తి అతని గొంతు మీద ఉంది. నాకు విధేయుడివిగా ఉండు అంటాడు. ఇంకా నైట్ కూడా కాని కుర్రాడికి నేను తలవంచాలా అంటాడు యూరియెన్స్. ఆర్థర్ ఒక్క క్షణం ఆలోచించి, నువ్వన్నది నిజమే, అయితే నువ్వే నన్ను నైట్ చెయ్యి అంటూ ఆ కత్తిని శత్రువు చేతికే ఇచ్చి, నీళ్లలో మోకరిల్లుతాడు. యూరియెన్స్ చెయ్యి తటపటాయిస్తుంది. ఒక్క వేటుతో రాజ్యం తనదే. భవిష్యత్తు చూడగల మెర్లిన్‌కి కూడా ఇది ముందు తెలియదు! ఆ కత్తి చివరికి భుజం మీద మెల్లగా వాలుతుంది. సినిమాలో ఎన్ని మంత్రాలున్నా, అసలు మాయ అక్కడ జరిగిందనిపిస్తుంది నాకు.

‘ది గ్రీన్ నైట్’ దారి వేరు. దీని మూలం 14వ శతాబ్దం చివరినాటి పద్యకావ్యం, 2,530 పాదాలు. రాసిందెవరో తెలియదు. మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి. 1731లో అది ఉన్న గ్రంథాల సేకరణకే నిప్పంటుకుంటే బతికి బయటపడి, ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. కథ చిన్నది. పండగపూట సభలోకి ఒక ఆకుపచ్చ మనిషి గుర్రమెక్కి వస్తాడు. నన్ను కొట్టండి, ఏడాది తర్వాత నా దగ్గరికొచ్చి అదే దెబ్బ తినండి అంటాడు. ఆర్థర్ మేనల్లుడు గవేన్ ఆవేశపడి తల నరికేస్తాడు. ఆ మనిషి తన తల తనే తీసుకుని నవ్వుతూ వెళ్లిపోతాడు. ఇక మిగిలింది ఆ ఏడాది, ఆ ప్రయాణం.

దేవ్ పటేల్ చేసిన గవేన్ ఇంకా నైట్ కాదు, తాగి తిరిగే కుర్రాడు. ఒక రాత్రి ఒక అమ్మాయి అతన్ని నిద్రలేపి, కొలనులో పడిన నా తల తెచ్చిపెట్టమంటుంది. తెస్తే నాకేమిస్తావు అంటాడు. ఆ మాట ఎలా అడగగలిగావు అన్నట్టు చూస్తుందామె. వీరుల కథల్లో ఎవరూ అడగని ప్రశ్న అది, మనమైతే అడిగేదే. ఇక తాయెత్తు సంగతి. నడుముకి కట్టుకునే ఆకుపచ్చ పట్టీ ఒకటుంది, అది ఒంటిమీద ఉంటే ప్రాణానికి ఢోకా లేదు. కావ్యంలో ఇదంతా మోర్గన్ అనే మంత్రగత్తె పన్నాగం. సినిమాలో గవేన్ తల్లే గండం తెస్తుంది, తల్లే పట్టీ కడుతుంది. ఆ పట్టీతో గవేన్ గొడ్డలి కింద మెడ వంచుతాడు, అప్పటికీ భయంతో ముడుచుకుపోతాడు. ఆర్థర్ ఏ రక్షా లేకుండా మోకరిల్లాడు. ఇతను ఇన్సూరెన్స్ చేయించుకుని వచ్చాడు. మాట నిలబెట్టుకున్నట్టా, కానట్టా? చివరి పదిహేను నిమిషాలు దాని గురించే. అక్కడ ఏం జరుగుతుందో చెప్పను.

నా మట్టుకు ‘గ్రీన్ నైట్’ గొప్పది. బూర్‌మన్ మూడు నిమిషాల్లో దాటేసిన దాన్ని లోవరీ రెండు గంటల పైన పట్టుకుని కూచున్నాడు. పైగా ‘ఎక్స్‌కాలిబర్’లో హెలెన్ మిరెన్ లాంటి నటి ఉండి కూడా మోర్గానా (కావ్యంలోని మోర్గనే) పగబట్టిన మంత్రగత్తెగానే మిగిలిపోతుంది.

అయినా ముందు చూడమని చెప్పేది ‘ఎక్స్‌కాలిబరే’. నేను మా తమ్ముడికి తిరగేసి చూపించి దెబ్బతిన్నాను. గవేన్‌ని అడవిలో కట్టిపడేస్తే కెమెరా మెల్లగా చుట్టూ తిరిగి, అతను ఎముకలగూడై పోయినట్టు చూపించి, మళ్లీ వెనక్కి తిరిగే షాట్ ఒకటుంది. నేను కళ్లార్పకుండా చూస్తుంటే వాడు “అన్నయ్యా, నెట్ ఆగిందా?” అన్నాడు. వాడి తప్పేం లేదు. ఆ సినిమాలో రాజుని ఆర్థర్ అని కూడా పిలవరు. ఆర్థర్ కథలన్నీ మనకి తెలుసనుకుని మొదలుపెడతాడు దర్శకుడు. ‘ఎక్స్‌కాలిబర్’ చూశాక వాడు తనంతట తనే రెండోది మళ్లీ పెట్టుకున్నాడు. తాగుబోతుగా ఉండి రాణి మీద నింద వేసే గవేన్‌గా ‘ఎక్స్‌కాలిబర్’లో లియమ్ నీసన్‌ని చూసినవాళ్లకి, దేవ్ పటేల్ గవేన్ ఇంకాస్త అర్థమవుతాడు కూడా.

పిల్లలతో మాత్రం రెండూ వద్దు, నెత్తురూ శృంగారమూ రెంటిలోనూ ఉన్నాయి. వాళ్లకి 1963 నాటి డిస్నీ బొమ్మల సినిమా ‘ది స్వోర్డ్ ఇన్ ది స్టోన్’ చాలు, మెర్లిన్ కుర్ర ఆర్థర్‌ని చేపగా, ఉడుతగా మారుస్తుంటే పడీపడీ నవ్వుతారు.

ఇంకొకటి, ‘గ్రీన్ నైట్’ ఫోన్‌లో చూడకండి. లైట్లార్పి పెద్ద తెర మీదే చూడండి. నైట్ అంటే రాత్రి కాదన్నాను గానీ, సగం సినిమా చీకట్లోనే నడుస్తుంది.