ఆ సీటు మీద పురుగేదీ లేదు

1984లో వెలువడిన అమెరికా నల్లజాతి కవయిత్రి ఆడ్రీ లార్డ్ సంపుటి ‘సిస్టర్ అవుట్‌సైడర్’లో 15 వ్యాసాలు, ప్రసంగాలు ఉన్నప్పటికీ, నన్ను కదలనివ్వనిది ‘ఐ టు ఐ’ అనే దీర్ఘవ్యాసంలోని ఒక చిన్న జ్ఞాపకం. న్యూయార్క్‌లోని హార్లెమ్‌కు వెళ్లే రైలులో, తల్లి చెంత కూర్చున్న చిన్నారి లార్డ్ కొత్త నీలిరంగు చలిదుస్తులు పక్కనున్న స్త్రీ బొచ్చుకోటుకు తగులుతాయి. ఆమె కోటును విసురుగా దగ్గరకు లాక్కుంటే, సీటు మీద బొద్దింక ఉందేమోనని పిల్ల కూడా తన బట్టలను లాక్కుంటుంది. ఆమె అసహ్యించుకున్నది తననేనని తరువాత గాని తెలియదు.

ఎవరో ముఖం చిట్లించి జరిగినప్పుడు ముందుగా నా దుస్తులనే తడిమి చూసుకున్న సందర్భాలు నాకూ ఉన్నాయి కనుక, అక్కడ పుస్తకం మూసి కాసేపు ఊరకే కూర్చున్నాను. అమెరికాలో నల్లజాతి స్త్రీగా లార్డ్ మోసిన బరువు నాది కాదు, ఆ తేడాను చెరిపేసి చదవడం ఆమెకు అన్యాయం చేయడమే. అయినా, అవమానం ఎదురైనప్పుడు తప్పును తనలోనే వెతుక్కునే అలవాటును ఇంత నిక్కచ్చిగా పట్టుకున్న రచనను నేను మరొకటి చదవలేదు.

సంపుటిని రష్యా యాత్రా విశేషాలతో ఆరంభించడం మాత్రం నాకు రుచించలేదు. కొత్త పాఠకులు దానిని దాటేసి, మౌనం గురించి ఆమె 1977లో చేసిన ప్రసంగంతో మొదలుపెట్టడం మేలు.