జీవ వయసు కిట్: ముందు నమూనా సరిగా తీయండి, తర్వాత అంకె చూడండి

లాలాజలం పంపితే మీ కణాల వయసు చెబుతామనే కిట్‌లో సామాను కొంచెమే: గరాటు బిగించిన గొట్టం, ద్రావణం నింపిన మూత, తిరిగి పంపే కవరు. వాడటం తేలికే. అయినా ఫలితం పాడయ్యేది చాలావరకు ఇక్కడే. ఉమ్మే ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు, పళ్లు తోమకూడదు. 2 మి.లీ. గీత దాకా నిండాలి, అదీ నురగ కాకుండా. నురగ గీతను తాకినా అడుగున అసలు లాలాజలం సగమే ఉండొచ్చు, డీఎన్‌ఏ చాలదు. మూత బిగించాక ద్రావణం మొత్తం కిందికి దిగిందో లేదో చూసి, గొట్టాన్ని పదిసార్లు తలకిందులు చేయండి. సరిగా కలవకపోతే నోటి బ్యాక్టీరియా బతికే ఉంటుంది, దారిలోనే డీఎన్‌ఏ చెడుతుంది.

డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన సైటోసిన్ మీద అక్కడక్కడా మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు ఉంటుంది, వయసుతో పాటు ఆ గుర్తులు మారుతాయి. ల్యాబ్‌లో బైసల్ఫైట్ అనే రసాయనం వేస్తే గుర్తు లేని సైటోసిన్ యురాసిల్ అనే మరో అక్షరంగా మారుతుంది, గుర్తున్నది అలాగే నిలుస్తుంది. చిప్ చదివేది ఆ తేడానే. 2013లో స్టీవ్ హోర్వాత్ అనే శాస్త్రవేత్త డీఎన్‌ఏలో ఇలాంటి 353 చోట్లు చూసి వయసు లెక్కగట్టారు. ఇలాంటి లెక్కలనే గడియారాలంటారు. సగం నమూనాల్లో అసలు వయసుతో తేడా 3.6 ఏళ్ల లోపు, మిగతా సగంలో అంతకు మించి. 2022లో వచ్చిన ఒక పరిశీలనలోనైతే ఒకే నమూనాను రెండుసార్లు చదివితే కొన్ని గడియారాల్లో 9 ఏళ్ల దాకా తేడా వచ్చింది. కాబట్టి రిపోర్టు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో “మీరు 4 ఏళ్లు చిన్నవారు” అని ఉంటే పొంగిపోనక్కర్లేదు, పెద్దవారని ఉంటే కుంగిపోనూ అక్కర్లేదు. పైగా లాలాజలంలో తెల్ల రక్తకణాలూ బుగ్గ లోపలి కణాలూ కలిసే ఉంటాయి. చిగుళ్లు వాచి ఉంటే తెల్లకణాల పాలు పెరుగుతుంది, దాంతో అంకె కూడా మారొచ్చు.

రిపోర్టులో టెలోమియర్ పేజీ వదిలేయండి. టెలోమియర్లంటే క్రోమోజోముల చివర ఉండే తొడుగులు. కణ విభజన జరిగినప్పుడల్లా అవి అరుగుతాయన్నది నిజమే, కానీ ఒకే వయసువాళ్లలోనే వాటి పొడవు ఎంతో తేడాగా ఉంటుంది.

పనికొచ్చే పేజీ “వృద్ధాప్య వేగం”. న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో 1972–73లో పుట్టినవారిని ఏళ్ల తరబడి పరీక్షించి కట్టిన డనీడిన్‌పేస్ లెక్క ఇది, 173 చోట్లు చూస్తుంది. రెండేళ్లు తిండిలో కేలరీలు తగ్గించి చూసిన కేలరీ (CALERIE) అనే ప్రయోగంలో ఈ వేగం 2–3 శాతం తగ్గింది. ఫీనోఏజ్, గ్రిమ్‌ఏజ్ అనే వేరే గడియారాల అంకెలు కదల్లేదు. అయితే ఈ లెక్క కట్టింది రక్తంతో. అందుకే లాలాజలం కిట్ కన్నా వేలి రక్తం తీసుకునేదే మేలు.

చివరి పేజీలో అంటగట్టే ఎన్‌ఎమ్‌ఎన్ మాత్రల జోలికి పోవద్దు. అవి రక్తంలో ఎన్‌ఏడీ (కణాలు శక్తి తయారీకి వాడే అణువు) స్థాయిని పెంచుతాయి, అంతవరకే తేలింది. మనిషిలో ముసలితనం నెమ్మదించినట్టు తేలలేదు.

కొనేటట్టయితే మొదటిసారి రెండు కిట్లు తీసుకుని, ఒకే పూట రెండు నమూనాలూ పంపండి. ఆ రెండు అంకెల మధ్య ఎంత తేడా వచ్చిందో రాసి పెట్టుకోండి. ఏడాది తర్వాత అదే కంపెనీ కిట్‌తో, రోజులో అదే సమయానికి, జలుబూ జ్వరం లేనప్పుడు మళ్లీ చేయించండి. వచ్చిన మార్పు మీరు రాసుకున్న తేడా కన్నా తక్కువైతే దాన్ని మార్పుగా లెక్కవేయకండి.